రబ్బరిచ్చి బియ్యం తెచ్చుకున్న దీవి

రేవుల చరిత్ర – 7వ భాగం

క్రితం భాగాన్ని 1942లో రంగూన్ రేవు దగ్గర ఆపాం. జపాన్ సేనలు బర్మాలోకి దిగాయి. బియ్యం మిల్లులు మూతపడ్డాయి. గోదావరి, విశాఖ, శ్రీకాకుళం తీరాల నుంచి వెళ్లి ఆ మిల్లుల్లోనూ రేవులోనూ బస్తాలు మోసిన మన ‘కోరంగీలు’ అడవులకు అడ్డంపడి కాలినడకన ఇండియా దారి పట్టారు. వాళ్లు ఓడలకెత్తిన బస్తాలు చేరే రేవుల్లో పెద్దది కొలంబో. అప్పటి సిలోన్ జనం తినే బియ్యంలో సగానికి పైగా పై దేశాలదే, అందులోనూ పెద్ద వాటా బర్మాది. రంగూన్ పడిపోయిన ఏడాదే సిలోన్‌లో బియ్యం రేషన్ మొదలైంది. యుద్ధం ముగిసినా ఆ కార్డు పోలేదు. స్వాతంత్ర్యం వచ్చాకా పోలేదు.

ఆ రేషన్ కార్డును నిలబెట్టడానికే 1952 డిసెంబర్ 18న ఒక విచిత్రమైన సంతకం జరిగింది. సంతకం పెట్టింది కమ్యూనిస్టుల పేరెత్తితే మండిపడే కొలంబో ప్రభుత్వం. పెట్టిన చోటు మావో ఏలుబడిలోని పెకింగ్. రెండు దేశాలూ బీదవే. ఒకదాని దగ్గర ఇంకొకదాని రాయబారి కూడా లేడు. సిలోన్ ఏటా 50 వేల టన్నుల రబ్బరు ఇవ్వాలి, చైనా ఏటా 2,70,000 టన్నుల బియ్యం ఇవ్వాలి, ఇలా ఐదేళ్లు. చరిత్ర పుస్తకాలు దీన్ని రబ్బరు–బియ్యం ఒప్పందం అంటాయి. రెండు ప్రభుత్వాలూ ఆ తర్వాత దీన్ని స్నేహ చరిత్రలో తొలి పుటగా చెప్పుకుంటూ వచ్చాయి. అప్పటి లెక్కలు చూసినవాడికి మాత్రం స్నేహం కన్నా అవసరమే ఎక్కువ కనిపిస్తుంది. ఇద్దరూ మూలకు నెట్టబడ్డవాళ్లు, ఇద్దరికీ వేరే దారి లేదు. బేరం కుదిరింది అక్కడే.

ముందు రబ్బరు సంగతి. ఆసియాలో ఈ చెట్టుకు సిలోన్ పుట్టిల్లులాంటిది. 1876లో హెన్రీ వికమ్ అనే ఇంగ్లీషువాడు బ్రెజిల్ నుంచి తెచ్చిన గింజలు లండన్ దగ్గర క్యూ తోటలో మొలకెత్తాయి. వాటిలో 1,919 మొక్కల్ని గాజుపెట్టెల్లో పెట్టి కొలంబోకి పంపారు. గంపహ దగ్గరి హెనరత్‌గొడ తోటలో అవి నాటుకున్నాయి. మలయా తోటలు విస్తరించాక సిలోన్ వెనకబడింది గానీ, టీ తర్వాత ఆ దీవికి డబ్బు తెచ్చే పంట రబ్బరే. టీ, రబ్బరు, కొబ్బరి – ఎగుమతి ఆదాయంలో దాదాపు అంతా ఈ మూడింటిదే. ఆ డబ్బుతోనే బియ్యం కొనాలి. కొండల మీద తోటలు వేసి, తినే అన్నం బయటి నుంచి తెప్పించుకునే ఈ ఏర్పాటు తెల్లదొరల కాలంలో స్థిరపడింది. ఓడలు తిరుగుతున్నంత కాలం ఇందులో ఇబ్బందేమీ కనిపించలేదు.

1942లో రెండు వైపుల నుంచీ దెబ్బ తగిలింది. బియ్యం ఇచ్చే బర్మా పోయింది. రబ్బరిచ్చే మలయా కూడా జపాన్ చేతికి చిక్కడంతో బ్రిటన్‌కు మిగిలిన పెద్ద రబ్బరు తోట సిలోన్ ఒక్కటే. ఏప్రిల్ 5న కొలంబో మీద బాంబులు పడ్డాయి. అదే దండయాత్రలో మర్నాడు మన విశాఖపట్నం, కాకినాడ మీదా పడ్డాయి. లండన్ నుంచి ఒకటే మాట: రబ్బరు కావాలి, చెట్టు ఏమైనా ఫరవాలేదు. గీత మీద గీత కోసి, చెట్టుకు ఊపిరి తిప్పుకునే వ్యవధి కూడా ఇవ్వకుండా పాలు పిండారు. యుద్ధం అయ్యేసరికి చాలా తోటల్లో ముసలి చెట్లు, సత్తువ పోయిన చెట్లు మిగిలాయి. వాటిని కొట్టేసి కొత్తవి నాటితే పాలు రావడానికి ఆరేడేళ్లు పడుతుంది. అంతకాలం ఆగగలిగే స్తోమత చిన్న రైతుకు లేదు.

చిన్న రైతు అనడానికి కారణం ఉంది. సిలోన్ రబ్బరు రెండు రకాలు. ఒకటి క్రేపు. పెద్ద ఎస్టేట్లలో, యంత్రాల మధ్య నలిగి, గాలికి ఆరి, లేత రంగులో వచ్చేది. పాశ్చాత్య దేశాల్లో బూట్ల అడుగులకు దానికి మంచి గిరాకీ. రెండోది షీటు. కలుతర, కేగాల్ల, రత్నపుర ప్రాంతాల్లో ఎకరం రెండెకరాల తోట ఉన్నవాడు కూడా ఇంటి దగ్గర చేసుకోగలిగింది ఇదే. పొద్దు పొడవకముందే చెట్టుకు ఏటవాలుగా గీత కోస్తారు. ఎండెక్కితే పాలు ఆగిపోతాయి. గీత చివర కట్టిన కొబ్బరి చిప్పలోకి బొట్టుబొట్టుగా దిగుతాయి. వాటిని తెచ్చి వడగట్టి, నీళ్లు కలిపి, పళ్లేల్లో పోసి కాస్త ఆమ్లం చుక్కలు వేస్తే మర్నాటికి తోడుపెట్టిన పెరుగులా గడ్డకడతాయి. ఆ గడ్డను చేత్తో తిప్పే రోలర్ల మధ్య పెట్టి నొక్కుతారు. చివరి రోలరు మీద గాట్లుంటాయి గనక షీటు మీద చారలు పడతాయి. తర్వాత పొగ గదిలో దండేల మీద కొన్నాళ్లు వేలాడాలి. తీసి వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే తేనె రంగులో, లోపల బుడగ గానీ మరక గానీ లేకుండా మెరవాలి. అప్పుడే అది ఒకటో రకం. లారీ టైర్లకు కావలసింది ఈ షీటే.

చైనాకు కావలసిందీ అదే.

1950 జూన్‌లో కొరియా యుద్ధం మొదలైంది. టైర్లకోసం ప్రపంచమంతా రబ్బరు నిల్వ చేసుకుంది. ధర ఆకాశానికంటింది. సిలోన్ ఖజానా నిండింది, షీటు చేసే రైతు ఇంటికి కొత్త రేకులు వచ్చాయి. ఆ వైభవం ఏడాది కూడా నిలవలేదు. అమెరికా తన దేశంలోకి వచ్చే సహజ రబ్బరంతా ప్రభుత్వమే కొంటుందని ప్రకటించింది. కొనేవాడు ఒక్కడే అయ్యాక ధర ఎవరి మాట వింటుందో వ్యాపారం తెలిసినవారికి చెప్పక్కర్లేదు. పైగా వాళ్ల దగ్గర కృత్రిమ రబ్బరు కర్మాగారాలు ఉండనే ఉన్నాయి. 1952 నాటికి రబ్బరు ధర శిఖరం నుంచి సగానికన్నా కిందికి జారింది.

ఈలోగా చైనా సేనలు కొరియాలోకి దిగాయి. 1951 మే 18న ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ, చైనాకు యుద్ధానికి పనికొచ్చే సరుకులు పంపొద్దని తీర్మానించింది. ఆ సరుకుల్లో రబ్బరూ ఉంది. మలయా బ్రిటిష్ వాళ్లది గనక అక్కడి రబ్బరు ఆగిపోయింది. ఇండొనేసియా కూడా ఆపేసింది. సిలోన్ మాత్రం ఆపలేదు. ఎందుకంటే అది సమితిలో సభ్యదేశమే కాదు. 1948లో స్వతంత్రమైన వెంటనే దరఖాస్తు పెట్టుకుంటే, బ్రిటన్ స్థావరాలున్న దేశానికి స్వాతంత్ర్యమెక్కడిదంటూ సోవియట్ యూనియన్ వీటో చేసింది. మరుసటేడూ అంతే. తలుపు 1955 డిసెంబర్ దాకా తెరుచుకోలేదు. కమ్యూనిస్టు చైనాకు రబ్బరు అమ్ముకోవడానికి సిలోన్‌కు వీలు కల్పించింది స్టాలిన్ వీటో! అప్పట్లో కొలంబోలో అవమానంగా భావించిన ఆ వీటో ఇలా అక్కరకొచ్చింది. నిజానికి తీర్మానం ప్రతి దేశాన్నీ ఉద్దేశించే మాట్లాడింది. కానీ సభలో కుర్చీ ఇవ్వకుండా సభ మాట వినమంటే ఎవరు వింటారు?

1952లో బియ్యం కష్టం ముదిరింది. ప్రపంచమంతా బియ్యానికి కరువు. బర్మా ధర పెంచింది, అడిగినంత ఇవ్వలేదు. అదే ఏడాది మార్చిలో ప్రధాని డి.ఎస్. సేనానాయకే గుర్రం మీద నుంచి పడి చనిపోయారు. కొడుకు డడ్లీ నలభై ఏళ్లకే ప్రధాని అయ్యారు, మేలో ఎన్నికలు గెలిచారు. గెలిచిన పార్టీ చేతిలో రేషన్ దుకాణం ఉంది, దుకాణంలో సరిపడా బియ్యం లేవు.

డడ్లీ ప్రభుత్వం ముందు తలుపు తట్టింది వాషింగ్టన్‌లోనే. ఈ సంగతి తరచూ మరచిపోతాం. మీరు మా రబ్బరు కొనండి, కాస్త మంచి ధర ఇవ్వండి, బియ్యం ఇప్పించండి, చైనా వైపు చూడం – సారాంశంలో కొలంబో అడిగింది ఇదే. సింగపూర్ మార్కెట్ ధర కన్నా పైసా ఎక్కువ ఇవ్వం, బియ్యం కూడా మార్కెట్ ధరకే అన్నది అమెరికా. వాళ్ల బాధా ఒకటుంది: సిలోన్‌కు ఎక్కువిస్తే మలయా, ఇండొనేసియా, సయాం అన్నీ చేయి చాస్తాయి. సిలోన్ బాధ వేరు. ధర పడేట్టు చేసిందీ వాళ్లే, వేరేవాడికి అమ్ముకోవద్దంటోందీ వాళ్లే. ఆ నష్టం ఎవరు భరించాలన్న ప్రశ్నకు వాషింగ్టన్‌లో ఎవరూ జవాబు చెప్పలేదు. ఆ ఒక్క జవాబు దొరికి ఉంటే పెకింగ్ ప్రయాణం ఉండేది కాదనే నా నమ్మకం.

పెకింగ్ వెళ్లిన మనిషి వాణిజ్య మంత్రి ఆర్.జి. సేనానాయకే. డడ్లీకి పెదనాన్న కొడుకు. కమ్యూనిజం వాసన కూడా లేని మనిషి, భూస్వాముల ఇంటివాడు, మొండివాడు. మంత్రివర్గంలో అందరూ ఆయన వెంట లేరు. అమెరికా సాయం పోతుందేమోనని వెనకాడినవారిలో ఆర్థిక మంత్రి జె.ఆర్. జయవర్ధనే ఒకరు. ఆర్.జి. మాత్రం ముందు పరీక్షగా ఒక అడుగు వేశారు. 1952 అక్టోబర్ 4న 80 వేల టన్నుల చైనా బియ్యానికి ఒక్కసారి కొనుగోలు ఒప్పందం కుదిరింది. అది సాఫీగా సాగాక డిసెంబర్‌లో మళ్లీ పెకింగ్ వెళ్లి, విదేశీ వాణిజ్య మంత్రి యె జిచువాంగ్‌తో అసలు ఒప్పందం మీద సంతకం చేశారు.

ఇక్కడ కాస్త లెక్క వేద్దాం, ఒప్పందం తీరు ఇందులోనే తెలుస్తుంది. మొదటి ఏడాదికి ఒకటో రకం షీటుకు పౌను బరువుకు 32 పెన్నీలు, కొలంబో రేవులో ఓడకెక్కించేసరికి. బియ్యం మెట్రిక్ టన్నుకు 54 పౌండ్ల స్టెర్లింగ్, చైనా రేవులో. 50 వేల టన్నులంటే సుమారు 11 కోట్ల పౌనుల బరువు; 32 పెన్నీల చొప్పున కోటీ 47 లక్షల పౌండ్లు. బియ్యం 2,70,000 టన్నులు 54 చొప్పున కోటీ 45 లక్షల పైచిలుకు. రెండు అంకెలూ దాదాపు సరిసమానం. ఇది యాదృచ్ఛికం కాదు. బేరం ధరల మీద మొదలుకాలేదు, సరుకుల మీద మొదలైంది: మాకు ఇంత బియ్యం కావాలి, మీకు ఇంత రబ్బరు కావాలి. ధరలు ఆ తర్వాత ఆ తూకానికి సరిపడేలా కూర్చున్నాయి. ఒక టన్ను రబ్బరుకు ఐదు టన్నుల నాలుగొందల కిలోల బియ్యం. డాలర్ల ప్రసక్తి లేదు. తేడా వస్తే ఖాతాల్లో సర్దుకోవడం. డాలర్లు లేని ఇద్దరికీ ఇది వరం.

32 పెన్నీలు సింగపూర్ ధర కన్నా బాగా ఎక్కువ. చైనా అంత ఎందుకిచ్చింది? దాతృత్వం అని కొందరంటారు. వేరే ఎక్కడా దొరకనప్పుడు ఇచ్చే ధర అది. అప్పటికి హైనాన్ దీవిలో చైనా సొంత రబ్బరు తోటలు నాటడం మొదలుపెట్టింది గానీ, ఆ మొక్కలు చెట్లై పాలిచ్చేదాకా లారీలు ఆగవు కదా. ఆంక్షలు పెట్టినవాళ్లే ఆ పై మొత్తాన్ని సిలోన్‌కు సంపాదించిపెట్టారు. పైగా ధరను ఏటా మళ్లీ మాట్లాడుకోవాలన్నారు. అంటే ఆంక్షలు ఎంత గట్టిగా ఉంటే సిలోన్ బేరం అంత గట్టిగా ఉంటుంది. ఈ మెలిక తర్వాత చూద్దాం.

2,70,000 టన్నులంటే ఎంత? 1953 జనగణనలో సిలోన్ జనాభా 81 లక్షలు. పసివాళ్లతో సహా తలకు ఏడాదికి 33 కిలోలు. రేషన్ దుకాణం ముందు నిలబడ్డ మనిషికి ఇది చిన్న మాట కాదు.

అమెరికా ఊరుకోలేదు. శత్రు కూటమికి యుద్ధ సరుకు అమ్మే దేశానికి సాయం చేయరాదని 1951లోనే వాళ్ల చట్టసభ చట్టం చేసింది. దాని ప్రకారం సిలోన్‌కు ఆర్థిక సాయం మూసేశారు; 1956లో గానీ తెరవలేదు. ఇందులో తమాషా ఏమిటంటే, ఒప్పందం నాటికి సిలోన్ కేంద్ర బ్యాంకు గవర్నరు జాన్ ఎక్స్‌టర్ అనే అమెరికన్. ఆ బ్యాంకుకు రూపకల్పన చేసిందీ ఆయనే. ఒక అమెరికన్ బ్యాంకరు గవర్నరు కుర్చీలో ఉండగానే కొలంబో పీపుల్స్ బ్యాంక్ ఆఫ్ చైనాతో ఖాతా తెరవాల్సిన పరిస్థితి!

ఇంతవరకు ఇది విజయగాథలా ఉంది. కొలంబోలో ఆ విజయోత్సాహం ఎనిమిది నెలలు కూడా లేదు.

బియ్యం ఓడలు వస్తున్నాయి. కానీ రేషన్ బియ్యాన్ని ప్రభుత్వం కొన్న ధరకన్నా చాలా తక్కువకు, కొలతకు 25 సెంట్ల చొప్పున అమ్ముతోంది. తేడా ఖజానా భరించాలి. కొరియా డబ్బు ఆవిరైపోయింది, విదేశీ మారక నిల్వలు కరిగాయి. బియ్యం సబ్సిడీ తగ్గించమని ప్రపంచ బ్యాంకు సలహా. 1953 జూలైలో జయవర్ధనే కొలత బియ్యం 70 సెంట్లు చేశారు. మూడు రెట్లకు దగ్గర. బడిపిల్లలకిచ్చే మధ్యాహ్న తిండినీ ఎత్తేశారు. ఆగస్టు 12న వామపక్షాలు పిలుపిచ్చిన హర్తాళ్‌తో దీవి స్తంభించింది. పడమటి, దక్షిణ తీరాల్లో రైలు పట్టాలు పీకేశారు, వంతెనలు పడగొట్టారు. కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. మంత్రివర్గం నేల మీద సమావేశం కావడానికి భయపడి రేవులో లంగరు వేసి ఉన్న బ్రిటిష్ యుద్ధనౌక న్యూఫౌండ్‌లాండ్ ఎక్కింది. అక్టోబర్‌లో డడ్లీ రాజీనామా చేశారు. ఆయన తర్వాత వచ్చిన సర్ జాన్ కొత్లావాలా ధరను 55 సెంట్లకు దించాడు.

రబ్బరు–బియ్యం ఒప్పందం గురించి రాసేవాళ్లు ఈ హర్తాళ్‌ను వేరే అధ్యాయంలో పెడతారు. అది సరికాదని నా ఉద్దేశం. ఒప్పందం బియ్యాన్ని కొలంబో రేవుకు తెచ్చింది. రేవు నుంచి కంచం దాకా తేవడం ఒప్పందం పని కాదు, బడ్జెట్ పని. రబ్బరు మీద వచ్చిన ఆ పై మొత్తంలో షీటు చేసిన రైతుకెంత, ఖజానాకెంత, రేషన్ కార్డుకెంత అన్న పంపకం పెకింగ్‌లో జరగలేదు. అది కొలంబోలో తేల్చుకోవలసిన లెక్క, కొలంబో దాన్ని తప్పుగా తేల్చింది. ఎస్టేట్లలో చెట్లు గీసిన తమిళ కూలీల్లో చాలామంది పేర్లు అసలు ఆ లెక్కలోనే లేవు. 1948, 49 చట్టాలతో పౌరసత్వం, ఓటు రెండూ పోగొట్టుకున్నవాళ్లు వాళ్లు. వాళ్ల విషయంలో మన ఆర్.జి. గారు ఏమాత్రం ఉదారుడు కాదు. వాళ్ల గురించి కుదిరిన భారత–సిలోన్ ఒప్పందం నచ్చకే 1954లో మంత్రి పదవి వదిలేశారు.

కొత్లావాలా సంగతి ఇంకా విడ్డూరం. 1955లో బాండుంగ్ సభలో తూర్పు ఐరోపా మీద సోవియట్ పెత్తనం కూడా వలసపాలనేనని గర్జించి చౌ ఎన్‌లైకి చిర్రెత్తించాడు. ఆ సభ జరుగుతుండగానే కొలంబోలో చైనా బియ్యం దిగుతోంది, చైనాకు రబ్బరు ఎక్కుతోంది. తిట్లు తిట్లే, బస్తాలు బస్తాలే.

ఆ రోజుల్లోనే ఇంకో ముచ్చట. కొనేవాళ్లు తగ్గి బర్మాలో బియ్యం గుట్టలు పడ్డాయి. చైనా బర్మాతో 1,50,000 టన్నులకు బేరం కుదుర్చుకుంది. అందులో కొంత చైనాకు వెళ్లనే లేదు. ఒప్పందం బాకీ కింద రంగూన్ నుంచి నేరుగా కొలంబోకి చేరింది. పదమూడేళ్ల కింద తెగిపోయిన పాత దారిలోనే, పాత బియ్యమే, కొత్త యజమాని పేరు మీద వచ్చింది. తేడా ఒకటే: రంగూన్ రేవులో బస్తా ఎత్తేవాళ్లలో కోరంగీలు ఇప్పుడు కొద్దిమందే.

1956లో సిలోన్ ఎన్నికల్లో కొత్లావాలా పార్టీ చిత్తయింది. ఆర్.జి. రెండు చోట్ల నిలబడి రెండు చోట్లా గెలిచారు. అందులో ఒకటి కెలనియ, ఓడినాయన జయవర్ధనే. కొత్తగా వచ్చిన బండారనాయకే ప్రభుత్వంలో ఆర్.జి.కి మళ్లీ వాణిజ్య శాఖే దక్కింది. 1957 ఫిబ్రవరిలో చైనాతో దౌత్య సంబంధాలూ ఏర్పడ్డాయి. ప్రభుత్వం అనుకూలం, మంత్రి అనుభవజ్ఞుడు, స్నేహం బహిరంగం. ఒప్పందం పునరుద్ధరణకు ఇంతకన్నా మంచి ముహూర్తం ఉండదనిపిస్తుంది.

బేరం మాత్రం బలహీనపడింది. 1956లోనే మలయా, ఇండొనేసియా చైనాకు రబ్బరు అమ్మడం మళ్లీ మొదలుపెట్టాయి. కొనేవాడికి ముగ్గురు అమ్మకందార్లు దొరికారు. సింగపూర్ ధర మీద అంతంత పై మొత్తం ఇవ్వాల్సిన అగత్యం చైనాకు తప్పిపోయింది. శత్రుభావంతో ఉన్న కొలంబో ప్రభుత్వానికి దక్కిన ధర, మిత్రభావంతో ఉన్న ప్రభుత్వానికి దక్కలేదు! 1957 సెప్టెంబర్‌లో కుదిరిన రెండో ఐదేళ్ల ఒప్పందంలో అంకెలు దిగాయి: ఏటా రబ్బరు 30 వేల టన్నులు, బియ్యం 2 లక్షల టన్నులు. రబ్బరుకు బియ్యానికి వేర్వేరు లెక్క. పై ధరకు బదులుగా చైనా మరో రూపంలో ఇచ్చింది: యుద్ధకాలంలో పిండి పిప్పిచేసిన ఆ ముసలి చెట్లను కొట్టి కొత్తవి నాటడానికి ఐదేళ్లలో ఏడున్నర కోట్ల రూపాయల సాయం. ధరగా వచ్చినప్పుడు అది సిలోన్ హక్కు. సాయంగా వచ్చినప్పుడు దానికి కృతజ్ఞత చెప్పుకోవాలి. ఈ మార్పును ఆనాడు కొలంబో పెద్దగా పట్టించుకున్నట్టు కనపడదు.

రెండో ఒప్పందం ఏడాది తిరిగీ తిరగకుండానే చైనాలో కమ్యూన్లు వెలిశాయి, గొప్ప ముందడుగు అన్నారు. 1959 నుంచి అక్కడ పంటలు కుప్పకూలాయి, పల్లెలు ఆకలితో అలమటించాయి. కొలంబోకి 2 లక్షల టన్నుల బాకీ మాత్రం ఏటా అలాగే ఉంది. ఆ ఓడలు ఎలా నిండాయో వచ్చే భాగంలో.